భయపడేవాళ్లకు ఒక ప్రకటన

నేను ఆడవాళ్లకు స్కూటర్ నడపడం నేర్పుతాను. నల్లగొండ దాటి పానగల్ రోడ్డు మీద కొంచెం పోతే, ఎవరో ప్లాట్లు చేసి, తెల్లరాళ్లు పాతి వదిలేసిన వెంచర్ ఒకటి ఉంది. అక్కడ ఇళ్లు లేవలేదు గానీ రోడ్లు మాత్రం నున్నగా వేసి పెట్టారు. నాలుగు మలుపులు, ఒక చిన్న ఎత్తు. ఎదురొచ్చేవి మేకలే, అవి కూడా దూరం నుంచే పక్కకు తప్పుకుంటాయి. బండి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి జాగా జిల్లాలో ఇంకోటి ఉంటుందని నేననుకోను.

ఈ పని నేను వెతుక్కున్నది కాదు. ఒక ప్రైవేటు బడి ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. లాక్‌డౌన్‌లో మూతపడిన బడి మళ్లీ తెరుచుకోలేదు. ఇంట్లో కూర్చుంటే కాలు నిలవలేదు. నాకు తెలిసిన విద్యల్లో టైపింగు ఊళ్లో అందరికీ వచ్చు, టీసీలు రాయడానికి బడి కావాలి. మిగిలింది స్కూటర్. మా అమ్మ జీవితమంతా కూలికి నడిచే పోయింది. మా వాడలో బండి హ్యాండిల్ పట్టుకున్న మొదటి ఆడమనిషిని నేనే. అది కూడా ముప్పై ఐదేళ్లు దాటాక, మోకాళ్లు రెండూ చీరుకున్నాక.

మొట్టమొదట నా దగ్గర నేర్చుకున్నది ఒక అంగన్‌వాడీ టీచర్. యాభై దాటిన మనిషి. రోజూ ఆరు కిలోమీటర్లు ఆటోలో పోవాలి, ఆటో నిండితే గానీ కదలదు. ఆదివారం చర్చి నుంచి నేను బండి మీద వస్తుంటే ఆపి, నాకు కూడా నేర్పుతావా అని అడిగింది. మూడు వారాలు పట్టింది. ఒంటరిగా తన సెంటర్‌దాకా పోయి వచ్చిన రోజు నేరుగా మా ఇంటికే వచ్చింది. గుమ్మంలో హెల్మెట్ తీసి చెమట తుడుచుకుని చెప్పింది.

"నా అసుంటోళ్లు మస్తుమంది ఉన్నరు బిడ్డా. నువ్వు గిదొక దుకాణం లెక్క పెట్టుకో."

దుకాణమంటే బోర్డు కావాలి. ఖాళీ వెంచర్‌లో బోర్డు పెడితే చదివేవి మేకలే. ఫోన్లలో పెడదామని మా ఆయన అన్నాడు. ఆయన దవాఖానలో ల్యాబ్ అటెండర్. అక్కడ రక్తం ఇవ్వడానికి వరసలో కూర్చున్నవాళ్లు ఒక్కరు కూడా తల ఎత్తరట, అందరి చూపూ ఫోన్లోనే. కాబట్టి బోర్డు అక్కడే ఉండాలని ఆయన తీర్మానం. అయితే ఫోన్లో ఏ మూల? ఫోటోలు పెట్టుకునే యాప్ ఒకటి, చిన్న చిన్న వీడియోల యాప్ ఇంకోటి, మ్యాప్, గ్రూపులు, స్టేటస్‌లు. ఊళ్లో ఇన్ని సెంటర్లు లేవు.

ఇద్దరం కలిసి గడియారం సెంటర్ దగ్గర మొదటి అంతస్తులో ఉన్న ఒక ఆన్‌లైన్ ప్రకటనల ఆఫీసుకు వెళ్లాం. లోపల నా ఈడు ఆయన ఒకడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. మర్యాదగా టీ తెప్పించాడు. మీ ప్రకటన ఎవరికి కనిపించాలి అని అడిగాడు. నేను ఆలోచించకుండానే జవాబు చెప్పాను.

"భయపడేటోళ్లకు."

ఆయన స్క్రీన్ మీద పైకీ కిందికీ వెతికాడు. నిజంగానే వెతికాడు, వేళాకోళం చేయలేదు. "వయసుకు బటన్ ఉందమ్మా, ఊరికి ఉంది, ఇష్టాలకు ఉంది. భయానికి బటన్ లేదు," అన్నాడు.

మరి ఏం చేద్దామంటే, బండ్లంటే ఇష్టమున్నవాళ్లకు చూపిద్దామన్నాడు. నాకు సబబుగానే తోచింది. నల్లగొండ ఒక్కటే పెడితే జనం తక్కువ చూపిస్తోంది, రాష్ట్రమంతా పెడదామన్నాడు. అదీ సబబుగానే తోచింది. ఒక ఫోటో కావాలన్నాడు. మరునాడు పొద్దున మా ఆయన వెంచర్‌లో నన్ను బండి మీద కూర్చోబెట్టి ఫోటో తీశాడు. నవ్వమన్నప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను. చివరికి నేను మేకలను అదిలిస్తున్నప్పుడు తీసిన ఫోటో బాగా వచ్చిందని అదే పెట్టారు. అందులో నేను ఎవరినో కొట్టడానికి పోతున్నట్టు ఉంటాను.

ప్రకటన మొదలైన గంటకే ఫోను మోగింది. మోగుతూనే ఉంది. అందరూ మగవాళ్లు. ఫోటోలో బండి అమ్ముతారా అని ఒకాయన. సైలెన్సర్ మార్చి ఇస్తారా అని ఒకాయన. పరీక్ష లేకుండా లైసెన్సు ఇప్పిస్తారా అని ముగ్గురు. ఆదిలాబాద్ నుంచి ఒకాయన ఏమీ అడగలేదు, నంబరు పనిచేస్తోందో లేదో చూశానన్నాడు. బండ్లంటే ఇష్టమున్నవాళ్లు ఎవరో నాకు అప్పుడు తెలిసింది. నా దగ్గరికి రావాల్సినవాళ్లకు బండంటే ఇష్టం లేదు. బండి చూస్తేనే కాళ్లు వణుకుతాయి. నేను ప్రకటన ఇచ్చింది సరిగ్గా నాకు అక్కరలేని జనానికి.

ఆ వారం మొత్తంలో ఒక్క ఆడగొంతు వినిపించింది. కోస్గి నుంచి. చేనేతవాళ్లు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ మగ్గం మీదే. చీరలు పట్టుకుని నారాయణపేట పోయి రావడానికి బండి కొన్నారట. ఆ తర్వాత ఆయనకు కాలు విరిగింది. బండి ఇంటి ముందర కవరు కప్పుకుని ఉంది, చీరలు ఇంట్లో ఉన్నాయి. మీరు కోస్గికి వస్తారా అని అడిగింది.

నల్లగొండ ఎక్కడ, కోస్గి ఎక్కడ. బస్సులు మారి పోయేసరికి సగం రోజు గడిచిపోతుంది. రాలేనని చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేయలేదు. మెల్లగా అడిగింది.

"ఫోన్ల చెప్తే నేర్చుకుంట. చెప్తరా అక్కా?"

బండి ఫోన్లో ఎలా నేర్పుతారో నాకు తెలియదు. కానీ కాదనడానికి నోరు రాలేదు. రోజూ పొద్దున ఆరింటికి ఆమె చెవుల్లో తీగలు పెట్టుకుని బండి పట్టుకునేది. ఇక్కడ నేను మా వాకిట్లో కుర్చీ మీద కూర్చుని, కళ్లు మూసుకుని, గాల్లో హ్యాండిల్ పట్టుకునేదాన్ని. మొదటి రెండు రోజులు బండి ఎక్కనివ్వలేదు, నడిపించుకుంటూ తిరగమన్నాను. మూడో రోజు ఎక్కించాను. కుడిచేత్తో రేసు ఇస్తే ఎడమచేత్తో బ్రేకు పట్టలేకపోతున్నానని ఏడుపుగొంతుతో చెప్పింది. అప్పుడు నాకు ఆమె మగ్గం గుర్తొచ్చింది.

"మగ్గం మీద చెయ్యి ఒక పని చేస్తది, కాలు ఇంకో పని చేస్తది గదా. గట్లనే అనుకో."

 "గట్లయితే నాకొస్తది," అంది.

తొమ్మిదో రోజు ఆమె బస్టాండుదాకా పోయి వచ్చింది. నెల తిరిగేసరికి, ఊళ్లో తెలిసిన ఒక పెద్దామెను వెనక కూర్చోబెట్టుకుని, చీరల మూట ముందర పెట్టుకుని నారాయణపేట పోయింది. బస్సు పార్సిల్‌లో నాకొక తువ్వాలు పంపింది. మా ఆయన దాన్ని భుజాన వేసుకుని చూసుకుంటూ, "ప్రకటన పని చేసింది, గని కోస్గిల చేసింది," అన్నాడు.

ఇక ఫోటోల యాప్ వదిలేసి వీడియోలకు దిగాం. ఈసారి ఆఫీసు, టీ ఏమీ లేవు. ఎవరికి వారే చేసుకుంటున్నారు కదా, మనమూ చేద్దామనుకున్నాం. అప్పటికి నా దగ్గర ముగ్గురు నేర్చుకుంటున్నారు. ముగ్గురూ ఆ అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పగా వచ్చినవాళ్లే. నేను కెమెరా ముందు నిలబడి, కాళ్లు నేలకు ఆనించి బండి ఎలా కదిలించాలో చూపించాను. చిన్న వీడియో. రెండు రోజుల్లో వేలమంది చూశారు. మా ఆయన దవాఖానలో ఒక్కొక్కరికీ చూపించాడు. నేను కూడా రోజంతా ఆ అంకె పెరగడమే చూస్తూ కూర్చున్నాను, కూర అడుగంటింది.

చూసినవాళ్లు వేలమంది. నేర్చుకుంటామన్నవాళ్లు ఒక్కరూ లేరు. కింద రాసిన మాటలన్నీ ఒకటే తీరు. ఆడవాళ్లు కాళ్లతోనే బ్రేకు వేస్తారట, ఆ దారిన పోవద్దట. వాటిని చదివి నవ్వుకోవచ్చు, నవ్వుకున్నాను కూడా. నాలుగో రోజు మాత్రం నవ్వు ఆగిపోయింది.

నేర్చుకుంటున్న ముగ్గురిలో ఒకామె రాలేదు. ముప్పై ఏళ్లుంటాయి, బట్టల దుకాణంలో పని. ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చేది, వెంచర్‌లోకి వచ్చాక విప్పేది. ఇంట్లో చెప్పకుండా నేర్చుకుని, బండి వచ్చాక చెబుదామని ఆమె ఆలోచన. నా వీడియో చివర్లో, నా భుజం వెనక, రెండు క్షణాలు ఆమె కనిపిస్తుంది. చున్నీ లేదు. నేను చూసుకోలేదు. ఆమె మరిది చూశాడు.

వీడియో తీసేసి ఆమె ఇంటికి పోయాను. పోవాలా వద్దా అని సందు మొదట్లో చాలాసేపు నిలబడ్డాను. ఆమె బయటికే వచ్చి మాట్లాడింది. నేను తప్పు నాదేనని చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నీ మీద కోపం లేదక్కా. గని ఇంక నేను రాను," అంది.

మళ్లీ రాలేదు కూడా. ఇప్పటికీ అప్పుడప్పుడు దుకాణంలో కనిపిస్తే మాట్లాడుకుంటాం, బండి మాట ఇద్దరం ఎత్తం.

ఆ రోజు నుంచి నాకొక సంగతి అర్థమైంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు బండి భయం ఒక్కటే కాదు, కనిపించడం కూడా భయమే. ప్రకటన కింద ఒక బొటనవేలు గుర్తు నొక్కితే బావగారికి తెలుస్తుంది, ఒక మాట రాస్తే ఆడబిడ్డకు తెలుస్తుంది. వాళ్లు ఎవరికీ తెలియకుండా చదివి, ఎవరికీ తెలియకుండా ఫోన్ చేయగల చోటు కావాలి. అలాంటి చోటు ఏదో నాకు తెలియలేదు. మధ్యలో మ్యాప్‌లో కూడా పెట్టి చూశాం. వెంచర్‌కు చిరునామా లేదు కాబట్టి గుర్తు ఎక్కడో పడింది. ఇద్దరు అక్కాచెల్లెళ్లు దాన్ని పట్టుకుని పానగల్ పాత గుడికి చేరి, గంటసేపు నా కోసం చూసి, దర్శనం చేసుకుని, మంచిగైందని ఇంటికి పోయారు. తర్వాత ఫోన్ చేసి థాంక్స్ చెప్పారు.

ఈ పరేషానంతా ఒకనాడు టీచరమ్మకు చెప్పుకున్నాను. ఆమె విని, సంచిలోంచి తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"నేను పొద్దుగాల లేచి ఏం చూస్తనో చూడు. నీ అసలు గిరాకి నేనే గదా."

చూశాను. మొదట జాకెట్ డిజైన్ల పేజీ, నల్లగొండలోనే ఒక మగ్గం వర్క్ చేసే ఆమె పెట్టేది. తర్వాత బైబిల్ వాక్యం, చర్చి గ్రూపులోది. దాని పైన, అన్నిటికన్నా పైన, పిన్ను గుచ్చి పెట్టుకున్న గ్రూపు ఒకటి. మా కాలనీల నీళ్ల గ్రూపు.

మా వైపు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. టైము స్థిరంగా ఉండదు. అందుకని నీళ్లు వదిలే మున్సిపాలిటీ ఆయన ఒక గ్రూపు పెట్టి, రేపు ఎవరికి, ఎన్నింటికి అని ముందురోజు సాయంత్రం రాస్తాడు. కాలనీలో ప్రతి ఇంటి ఆడమనిషీ అందులో ఉంది. నేను కూడా ఉన్నాను. రోజూ చూస్తాను. అది కళ్ల ముందరే ఉండగా నేను గడియారం సెంటర్‌దాకా పోయి టీ తాగి వచ్చాను.

మరునాడే ఆయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చెప్పులకు అంటిన బురద గీకుతున్నాడు. విషయం చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

"నీళ్ల ముచ్చట తప్ప అండ్ల ఏదీ పెట్టనియ్య చెల్లె. ఒక్కరికిస్తే రేపు పచ్చళ్లాయన వస్తడు, ఎల్లుండి చిట్టీలాయన వస్తడు. ఇగ నీళ్ల టైం ఏడ దొరుకుతది?"

పూలబొమ్మల మీద శుభోదయం అని పెట్టిన సొంత బామ్మర్దినే తీసేశాడట. నాకు బాధ అనిపించలేదు, నిజం చెప్పాలంటే గౌరవం కలిగింది. ఆయన ఇంత గట్టిగా ఉన్నాడు కాబట్టే ఆ గ్రూపును అందరూ చూస్తున్నారు. సరే అన్నా, అని లేచాను. అప్పుడు లోపల బియ్యం కడుగుతున్న ఆయన భార్య తలుపు దగ్గరికి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆయనతో కాదు, నాతో మాట్లాడింది.

"నీళ్లొచ్చే పొద్దున మాకు ఊపిరి సలపది. నీళ్లు రాని పొద్దున జర ఖాళీ ఉంటది. ఆ పూట నేర్పుతవా?"

నేర్పుతానన్నాను.

"గట్లయితే ఇది నీళ్ల ముచ్చటనే," అంది ఆయన వైపు తిరిగి.

ఆయన బురద గీకడం ఆపి చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. ముందు ఈమెకు నేర్పు, ఈమెకు వస్తే అప్పుడు చూద్దాం. ఆయన గొంతులో, ఈమెకు రాదులే అన్న ధీమా కొంచెం ఉంది. ఆమెకు అది వినిపించింది. నేను నేర్పినవాళ్లలో అంత పట్టుదల ఉన్నామెను మళ్లీ చూడలేదు. పడింది, లేచింది, మోచేతికి పసుపు పెట్టుకుని తర్వాతి పాఠానికి వచ్చింది. నీళ్లు రాని రోజులే కాబట్టి నెల పట్టింది. ఒకరోజు పొద్దున వెంచర్ నుంచి పానగల్ చెరువు కట్టదాకా ఆమే నడిపింది, నేను వెనక కూర్చుని నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని కూర్చోవడమే ఈ పనిలో కష్టమైన భాగం.

మరునాడు సాయంత్రం గ్రూపులో ఆయన రాసింది నేను దాచుకున్నాను. "రేపు మన కాలనీకి నీళ్లు రావు. ఎల్లుండి పొద్దున ఆరు నుంచి ఏడున్నర. నీళ్లు రాని పొద్దున స్కూటర్ నేర్చుకోవాలనుకునే ఆడవాళ్లు కింది నంబరుకు ఫోన్ చేయగలరు. మా ఇంట్లో నేర్చుకున్నది."

గ్రూపులో ఒక్కరూ జవాబు రాయలేదు. మా ఆయన దిగాలు పడ్డాడు. రాత్రి వంట అయ్యేలోపే ఫోన్లు మొదలయ్యాయి. అన్నీ ఆడగొంతులు, అన్నీ మెల్లగా. ఒకామె మేడ మీద బట్టలు తీస్తూ చేసింది. ఒకామె తన కోసం కాదు, చెల్లెలి కోసమంది. మూడోరోజు ఆమే వచ్చింది, చెల్లెలు అసలు లేదట. పక్కపక్క ఇళ్లవాళ్లు ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు ఫోన్ చేసి, చున్నీలు కట్టుకుని వెంచర్‌కు వచ్చి, మలుపు దగ్గర ఎదురుపడి, గుర్తుపట్టి, నడిరోడ్డు మీద నిలబడి నవ్వారు. మేకలు కూడా ఆగి చూశాయి.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా మొదటి రోజు బండి ముట్టుకోనివ్వకముందు నేనొక మాట అడుగుతాను, పొద్దున లేచి ఫోన్లో ముందు ఏం చూస్తావని. జవాబులు మారుతుంటాయి. బడి పిల్లల తల్లుల గ్రూపు అంటారు, మహిళా సంఘం గ్రూపు అంటారు, ముగ్గులంటారు. ఎక్కువమంది చెప్పేది మాత్రం జాకెట్ డిజైన్లే. ఆ పేజీ ఆమె దగ్గరికి కూడా పోయాను. ఆమె అరగంట బేరమాడి, చివరికి తనకే బండి నేర్పమంది. బదులుగా నెలకు రెండుసార్లు కొత్త జాకెట్ల నడుమ నా నంబరు పెడుతుంది. ఈ మధ్య మా ఆయన మనసు ఊరుకోక ప్రకటనల ఆఫీసాయనను మళ్లీ కలిశాడు. ఈసారి నల్లగొండ ఒక్కటే, ఆడవాళ్లకే, ఇష్టాల దగ్గర బండ్లు తీసేసి జాకెట్ డిజైన్లు, ముగ్గులు పెట్టించాడు. సైలెన్సర్ల ఫోన్లు రాలేదు. నేర్చుకునేవాళ్లు ఆరుగురు వచ్చారు. ఆఫీసాయన తన భార్యను కూడా పంపాడు, ఆమెను కలిపితే ఏడుగురు.

మొన్న వానాకాలంలో ఒక పొద్దున నేను పాల ప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్లాను. నీళ్లు వదిలే ఆయన బండి చెడిపోయి మెకానిక్ దగ్గర ఉందని అంతకుముందే విన్నాను. ఇవాళ నీళ్లు ఎలా వస్తాయో అని అనుకుంటుండగా మలుపులోంచి ఒక స్కూటర్ వచ్చింది. నడుపుతున్నది ఆయన భార్య. వెనక ఆయన, వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప చావిని ఒళ్లో అడ్డంగా పట్టుకుని, ఎదురొచ్చేవాళ్లకు తగలకుండా అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నాడు. గుంత దగ్గర ఆమె మెల్లగా బ్రేకు వేసింది, చేత్తోనే. ఆయన నన్ను చూసి ఏదో చెప్పబోయాడు, కానీ బండి అప్పటికే దాటిపోయింది. నేను పాలు తీసుకుని తొందరగా ఇంటికి నడిచాను, బిందెలు కడగాలి.